జన్యుమార్పిడి పంటలు, ఆర్గానిక్ ముద్ర (భారతదేశం)

భారతదేశంలో సాగుకు అనుమతి పొందిన తొలి జన్యుమార్పిడి పంట బీటీ పత్తి. పురుగును చంపే విషాన్ని మొక్కే తయారుచేసుకునేలా ఒక బ్యాక్టీరియా జన్యువును చేర్చిన పత్తి ఇది. 2002 మార్చిలో కేంద్ర ప్రభుత్వపు జన్యు ఇంజనీరింగ్ ఆమోద కమిటీ (జీఈఏసీ) మహికో-మోన్‌శాంటో వారి మూడు హైబ్రిడ్‌లకు పచ్చజెండా ఊపింది. అప్పటికే గుజరాత్‌లో అనుమతి లేని బీటీ పత్తి కాయలు కాసేసింది. 2001లో ఆ సంగతి బయటపడింది. చట్టం విత్తనం వెనకాలే నడిచిందన్నమాట.

1997-98లో వరంగల్ ప్రాంతంలో పురుగుమందుల అప్పులకు పత్తి రైతులు ప్రాణాలు తీసుకున్నారు. మందు కొట్టే పని తగ్గుతుందంటే ఆ నేలలో ఎవరు వద్దంటారు? కానీ 450 గ్రాముల బీటీ విత్తన ప్యాకెట్ ధర 1,600 రూపాయలు దాటింది. 2006లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గుత్తాధిపత్య నియంత్రణ కమిషన్‌ను ఆశ్రయించి, దాన్ని 750కి దించింది. తర్వాత గులాబీ రంగు పురుగు బీటీ విషాన్ని తట్టుకోవడం మొదలుపెట్టింది. బీటీ వంకాయకు 2009లో జీఈఏసీ సరేనన్నా, 2010 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రి జైరాం రమేశ్ నిలిపివేశారు.

ఆర్గానిక్ ముద్ర కథ దీనికి సమాంతరంగా సాగింది. ఎగుమతుల కోసం మొదలైన జాతీయ సేంద్రియ ఉత్పత్తి కార్యక్రమం జన్యుమార్పిడి విత్తనాన్ని నిషేధించింది. ఇక్కడో విచిత్రం ఉంది. ఏ బ్యాక్టీరియా జన్యువును పత్తిలో చేర్చారో, అదే బ్యాక్టీరియా పొడిని నీళ్లలో కలిపి పంటపై చల్లితే ఆర్గానిక్ నిబంధనలు ఒప్పుకుంటాయి. ఎండకు కొద్ది రోజుల్లో నీరుగారిపోయే ఆ మందు వేరు, మొక్క ఒంట్లో కాలమంతా ఉండే విషం వేరు అన్నది సేంద్రియ రైతుల వాదన. పురుగు అలవాటు పడిన తీరు చూస్తే ఆ వాదనను కొట్టిపారేయలేం.

ముద్ర హామీ ఇచ్చేది సాగు పద్ధతికే. పక్క చేను పుప్పొడికీ, జిన్నింగ్ మిల్లులో కలిసే గింజకూ ఆ ధ్రువీకరణ కాగితం అడ్డుపడదు. మన దేశపు ఆర్గానిక్ పత్తిలో జన్యుమార్పిడి ఆనవాళ్లు ఉన్నాయని 2010లో ఒక జర్మన్ పత్రిక రాయడంతో దుమారం రేగింది.

ధ్రువీకరణ ఖర్చు చిన్న రైతుకు పెద్ద బరువు. అందుకే రైతులే ఒకరి పొలం ఒకరు తనిఖీ చేసుకునే భాగస్వామ్య హామీ (పీజీఎస్) పద్ధతి వచ్చింది. జహీరాబాద్ ప్రాంతపు మహిళా సంఘాలు దీన్ని ముందే చేసి చూపాయి. దేశంలో అమ్మే సేంద్రియ ఆహారానికి జైవిక్ భారత్ ముద్రతో కూడిన నిబంధనలు 2017లో వెలువడ్డాయి.

జన్యుమార్పిడి ఆహారపు ప్యాకెట్ మీద ‘జీఎం’ అని రాయాలన్న నియమం 2013 జనవరిలో అమల్లోకి వచ్చింది. బీటీ పత్తిగింజల నూనె మాత్రం అంతకు ఏళ్ల ముందే వంటింటికి చేరింది. శుద్ధి చేసిన నూనెలో డీఎన్ఏ దాదాపు మిగలదు కనుక పరీక్షలో పట్టుకోవడమూ కష్టమే.