గట్టు మీది పువ్వు, చేలోని తెగులు

2000 ఖరీఫ్‌లో అనంతపురం జిల్లాలో వేరుశెనగ చిగుళ్లు నల్లబడ్డాయి. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడే ఈ జిల్లాకు ఎండిన చేను కొత్త కాదు. బెట్టకు వాడిన మొక్క ఎలా ఉంటుందో ఇక్కడ పసిపిల్లలకూ తెలుసు. ఇది ఆ వాడిపోవడం కాదు. ముందు లేత ఆకులు మాడాయి, తర్వాత తొడిమలు, ఆపైన కాండం. లేత వయసులో సోకిన మొక్క పూర్తిగా చచ్చింది, బతికినదానికి కాయ నిలవలేదు. దాదాపు 2,25,000 హెక్టార్లలో పంట దెబ్బతింది. నష్టం 300 కోట్ల రూపాయలు దాటిందని అంచనా కట్టారు. అప్పు తెచ్చి విత్తనం కొన్న మెట్ట రైతుకు ఆ అంకె ఏమిటో విడమరచి చెప్పనక్కర్లేదు.

మొదటి అనుమానం మొవ్వుకుళ్లు తెగులు మీదికి పోయింది. అది పాత శత్రువే. తామర పురుగు ఆ వైరస్‌ను ఒంట్లో మోసుకొచ్చి మొక్కకు ఎక్కిస్తుంది. పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో డి.వి.ఆర్. రెడ్డి బృందం ఏళ్ల తరబడి పరిశోధించిన తెగులు అది. కానీ అనంతపురం మొక్కల రసాన్ని ఎలీసా పరీక్షకు పెడితే మొవ్వుకుళ్లు వైరస్ జాడే లేదు. బయటపడింది టొబాకో స్ట్రీక్ వైరస్. 1936లో అమెరికాలో జేమ్స్ జాన్సన్ పొగాకు మీద వర్ణించిన వైరస్ అది. మన వేరుశెనగ మీద దాన్ని గుర్తించడం ఇదే మొదలు.

అయితే అది పొరుగుదాకా ముందే వచ్చి ఉంది. అప్పటి జిల్లా సరిహద్దు దాటగానే, కర్ణాటకలో తెలుగు మాట్లాడే బాగేపల్లి దగ్గర 1997లో పొద్దుతిరుగుడు చేలు ఇలాగే మాడాయి. ఆ తెగులుకు కూడా ఈ వైరసే కారణమని ఆర్.డి.వి.జె. ప్రసాదరావు, ఆయన సహచరులు 2000లో ప్రకటించారు. ఇక్రిశాట్, ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం, స్కాట్లండ్‌లోని పంట పరిశోధన సంస్థల శాస్త్రవేత్తలు కలిసి రాసిన వేరుశెనగ నివేదిక 2002లో అచ్చయింది.

వైరస్ పేరు తెలిసింది. అంత విస్తీర్ణంలో అంత వేగంగా ఎలా పాకిందన్నదే అసలు చిక్కు. వేరుశెనగ విత్తనం ద్వారా అది రాదు. చేలో ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకు పాకడమూ అంతగా లేదు. అంటే ఏటా బయటినుంచి రావాలి. శాస్త్రవేత్తలు చేను వదిలి గట్ల మీద, బీళ్లలో, దారుల పక్కన పెరిగే కలుపును పరీక్షించడం మొదలుపెట్టారు. అక్కడ దొరికింది వయ్యారిభామ.

1950లలో పుణె ప్రాంతంలో కనబడి దేశమంతా అల్లుకున్న మొక్క ఇది. వైరస్ ఉన్నా దీని ఆకు మీద మచ్చ కూడా పడదు, నిండుగా పూస్తుంది. ఆ పుప్పొడిలో వైరస్ ఉంటుంది. పువ్వులో కాపురముండే తామర పురుగుల ఒంటికి పుప్పొడి అంటుకుంటుంది, గాలికి అవి చేలో వాలతాయి. పురుగు లేత ఆకును గీరినప్పుడు ఏర్పడిన గాయంలోకి పుప్పొడి మీది వైరస్ దిగుతుంది. మొవ్వుకుళ్లుకూ దీనికీ తేడా ఇక్కడే ఉంది. ఇందులో పురుగు చేసేది గాయం మాత్రమే, విషం పువ్వుది. అలసంద మొక్కల మీద పుప్పొడి చల్లి, తామర పురుగులను వదిలి దీన్ని రుజువు చేశారు. 2003లో వెలువడిన ఆ పత్రం రాసినవారిలో అనంతపురం పరిశోధనా స్థానంలో పనిచేసిన టి. ఎల్లమందారెడ్డి పేరూ ఉంది. ఏటా ఈ ఎర్రనేలలో నడిచిన మనిషి ఆ జట్టులో ఉండటం నాకు చాలా ముఖ్యమనిపిస్తుంది.

వైరస్‌కు మందు లేదు కాబట్టి సలహాలన్నీ ఆ పుప్పొడిని, పురుగును అడ్డుకునేవే. విత్తనాన్ని ఇమిడాక్లోప్రిడ్‌తో శుద్ధి చేయాలి. చేను చుట్టూ నాలుగు వరుసలు జొన్నో సజ్జో వేయాలి. ఎత్తుగా పెరిగే ఆ పైరు గాలికి కొట్టుకొచ్చే పురుగును ఆపుతుంది. వయ్యారిభామను పూతకు ముందే పీకాలి.

మొదటి రెండూ రైతు చేతిలో ఉన్నవి. మూడోది అలా కాదు. తన గట్టు శుభ్రం చేసుకున్నవాడికి పక్కన ఉన్న రోడ్డు అంచు, చెరువు కట్ట, అమ్ముడుపోని ప్లాట్లు ఎవరివి? కదిరి, ధర్మవరం, హిందూపురం పట్టణాల చుట్టూ చేను మొదలయ్యే చోటిదాకా లేఅవుట్లే. వయ్యారిభామ వల్ల దురదలు, ఉబ్బసం వస్తాయి కనుక పురపాలక సంఘాలకు అది ఆరోగ్య సమస్య. పంట నష్టం మాత్రం వ్యవసాయ శాఖ లెక్కలోకి పోతుంది. ప్రయోగశాల ఆ రెండు సమస్యల వేరూ ఒకటేనని తేల్చింది. కౌన్సిల్ సమావేశంలో వీధి దీపాలతో, మురుగు కాలువలతో పాటు ఈ కలుపూ చర్చకు రావాలనడానికి ఇంతకంటే బలమైన ఆధారం అక్కర్లేదు.

తేదీ కూడా ఇక్కడి వానను బట్టే పెట్టుకోవాలి. దేశమంతా ఏటా ఆగస్టు 16 నుంచి 22 వరకు పార్థీనియం, అంటే వయ్యారిభామ, అవగాహన వారం జరుపుతారు. అనంతపురంలో తొలకరికి మొలిచిన వయ్యారిభామ అప్పటికే పూసి ఉంటుంది, జూలైలో విత్తిన వేరుశెనగ సరిగ్గా లేత వయసులో ఉంటుంది. ఇక్కడ పారలు కదలాల్సింది జూన్‌లోనే.