కోలారు బంగారు గనులు - శ్రామికుని చెవి

కోలారు బంగారు గనుల చరిత్ర వ్రాయువారు 1880లో జాన్ టెయిలర్ అండ్ సన్స్ వారి ప్రవేశమును, 1902లో శివనసముద్రమునుండి వచ్చిన విద్యుత్తును, 3 కిలోమీటర్లకు మించిన ఛాంపియన్ రీఫు లోతును, 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడుటను తప్పక పేర్కొందురు. ఉత్తర ఆర్కాటు, చిత్తూరు, కోలారు ప్రాంతములనుండి వచ్చి ఆ లోతులకు దిగిన శ్రామికుల చెవులు ఏమైనవను ప్రశ్న మాత్రము అరుదు. అందులకు హేతువు కొంత చెవి నిర్మాణమునందు, కొంత చట్టమునందు కలదు.

శబ్దము కర్ణభేరిని కదల్చును. ఆ కదలిక కూటకము, దాగలి, అంకవన్నె అను మూడు చిన్న ఎముకల ద్వారా లోచెవిలోని కర్ణావర్తమును చేరును. దాగలి కమ్మరి కొలిమిలోనిది. లోహమును సాగగొట్టువారి చెవుడును గూర్చి ఇటలీ వైద్యుడు రామజ్జిని పదునెనిమిదవ శతాబ్ది ఆరంభమునందే వ్రాసినాడు గనుక, ఆ పేరు మరింత తగియున్నదనవచ్చును. కర్ణావర్తమునందలి రోమకణములు కదలికను నాడీసంకేతముగ మార్చును. మనుష్యునిలో అవి ఒకసారి నశించినచో మరల పుట్టవు.

గాయమునకు స్పందించు నాడీకొనలు వార్త పంపగా, అది మెదడును చేరినపుడే నొప్పి యగును. కర్ణభేరియందు అట్టి నాడులు సమృద్ధిగ నున్నవి. శ్రామికులను దింపు బోను వేగముగ క్రిందికి పోవునపుడు వెలుపలి గాలి ఒత్తిడి పెరిగి పొర లోనికి వంగును; పోటు పుట్టును. ఉమ్మి మ్రింగినచో గొంతునుండి మధ్యచెవికి పోవు నాళము తెరచుకొని పోటు తగ్గును. పేలుడువలన పొర చిరిగినను నొప్పియే తెలియజేయును. సంపీడిత వాయువుతో నడచు డ్రిల్లు మ్రోతకు రోమకణములు చచ్చునపుడు అట్టి వార్త సాధారణముగ రాదు. మొదట పోవునవి హెచ్చు స్థాయి ధ్వనులు: స, శ, చ వంటి హల్లులు. అచ్చులు నిలుచును. ఎదుటివాడు మాటాడుట వినబడును, మాట తెలియదు. ఇంటివారు దానిని పరధ్యానమనుకొందురు.

కర్ణావర్తము ప్రక్కనే శరీరపు తూకమును గమనించు మూడు అర్ధవర్తుల కుల్యలున్నవి. వెలుతురులో వానికి కన్ను తోడగును. చీకటి సొరంగములో ఆ తోడు తగ్గును. పేలుడు ఒత్తిడి లోచెవిని దెబ్బతీసినచో తల తిరుగుటయు సంభవము; కూలిన రాళ్లనడుమ అడుగు వేయవలసినవానికి అది చిన్న విషయము కాదు.

ఇక చట్టము. 1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టము ప్రమాదమువలని సంపూర్ణ బధిరత్వమును నూటికి నూరు పాళ్ల నష్టముగ నెంచినది. ఏండ్ల తరబడి మ్రోతవలన వచ్చు వినికిడి లోపము వృత్తివ్యాధుల పట్టికకు ఎక్కినది 1984 సవరణతోనే. గనుల భద్రతా డైరెక్టరేటు జనరల్ వారు 85 డెసిబెల్సును హెచ్చరికగను, 90ని అపాయముగను నిర్ణయించినది 1975లో. అప్పటికి టెయిలర్ కంపెనీ దొరతనము ముగిసి సుమారు ఇరువదియేండ్లు గడచినవి. 1984కు పిమ్మట గనులు నడచినది పదునేడేండ్లలోపే.

కాలు విరిగినవానికి తేదీ ఉండును, షిఫ్టు ఉండును, సాక్షులుందురు. చెవి తగ్గినవానికి చూపదగినది వినికిడి పరీక్షా పత్రమొక్కటే. అందు 4000 హెర్ట్జుల దరిదాపున గీత పల్లముగ దిగి, ఆవల కొంత పైకి లేచును. ఆ పరీక్ష జరుగకముందే పని విడిచి ఊరు చేరినవాని చేతిలో ఆ కాగితమును లేదు.