హైడ్రాలిక్ హోసు: కొస దగ్గరే కథంతా

పొక్లెయిన్ చెయ్యి చాచి పెద్ద బండను పైకెత్తుతుంటే చూసేవాళ్ల కళ్లన్నీ బకెట్ పళ్ల మీదే ఉంటాయి. ఆ బరువును మోసే నూనె మాత్రం పక్కగా, నల్లటి గొట్టాల్లో పరుగెడుతుంటుంది. బూమ్ అనే ఆ చెయ్యి పొడవునా ఉక్కు పైపులే సాగుతాయి. బూమ్ మడతపడే చోట, బకెట్ తిరిగే చోట ఉక్కు ఆగిపోయి రబ్బరు హోసు మొదలవుతుంది. ఇరవై టన్నుల యంత్రంలో ఆ హోసు లోపలి ఒత్తిడి సుమారు 350 బార్, అంటే దాదాపు 5,000 పీఎస్ఐ. కారు టైరులో ఉండేది 30, 35 పీఎస్ఐ. దానికి నూట యాభై రెట్ల ఒత్తిడిని కడుపులో పెట్టుకుని హోసు పొద్దస్తమానం వంగాలి, లేవాలి, ఎండలో కాగాలి, దుమ్ములో రాసుకోవాలి. ఇంజిన్ పదేళ్లు నడిచినా హోసు అన్నాళ్లు ఉండదు. మార్చక తప్పదని తెలిసే దాన్ని తయారుచేస్తారు.

ఈ గొట్టం చరిత్ర తిరగేస్తే రెండు చిక్కులు కనిపిస్తాయి. దాన్ని దేనితో చేయాలన్నది మొదటిది. దాని కొసను జారకుండా, కారకుండా పట్టుకోవడం ఎలా అన్నది రెండోది. మొదటిదాని గురించి అందరూ చెబుతారు. నిజానికి పెద్ద చిక్కు రెండోదే. పాత హోసు విప్పి కొత్తది వేసే పని ఎక్కడ, ఎవరి చేతిలో జరుగుతుందన్నది ప్రతి కాలంలోనూ ఆ కొస బిగింపే తేల్చింది.

మొదట నీళ్లు, మంటలు. ఆమ్‌స్టర్‌డామ్‌లో యాన్ వాన్ డెర్ హైడెన్ అనే చిత్రకారుడు ఉండేవాడు. నగర వీధుల్ని, ఇటుక గోడల్ని అతి సూక్ష్మంగా చిత్రించడంలో దిట్ట. ఆ రోజుల్లో మంటలార్పే పంపు మూతి తొట్టి పైనే బిగించి ఉండేది. నీళ్లు దూరం నుంచే చిమ్మాలి తప్ప ఇంట్లోకి తీసుకెళ్లే దారి లేదు. 1672లో ఆయన, ఆయన సోదరుడు నికోలాస్ కలిసి తోలును గొట్టంలా కుట్టి పంపుకు తగిలించారు. యాభై అడుగుల ముక్కలు, వాటి కొసలకు ఇత్తడి మరలు. ఒక ముక్క పాడైతే దాన్ని మాత్రమే విప్పి పక్కన పెట్టి ఇంకోటి బిగించవచ్చు. ఈ పనితనమంతా బొమ్మలతో సహా ఆయన 1690లో పుస్తకంగా వేశాడు. తోలు గొట్టం కన్నా ఆ ఇత్తడి మరే గొప్ప ఆలోచన. మార్చుకోవడానికి వీలైన గొట్టం అక్కడే పుట్టింది.

కుట్టు దగ్గర తోలు కారేది. పందొమ్మిదో శతాబ్దం తొలి దశకాల్లో ఫిలడెల్ఫియాలో సెల్లర్స్, పెన్నాక్ అనేవారు దారం మానేసి లోహపు రివెట్లు కొట్టి అంచుల్ని కలిపారు. దాంతో గొట్టం గట్టిపడింది, బరువూ పెరిగింది.

ఈలోపు నీటి ఒత్తిడితో బరువులెత్తే విద్య వేరే దారిలో ఎదుగుతోంది. జోసెఫ్ బ్రామా 1795లో లండన్‌లో హైడ్రాలిక్ ప్రెస్సుకు పేటెంటు పొందాడు. విలియం ఆర్మ్‌స్ట్రాంగ్ 1846లో న్యూకాజిల్ రేవులో నీటి ఒత్తిడితో నడిచే క్రేన్ నిలబెట్టాడు. 1883లో మొదలైన లండన్ హైడ్రాలిక్ పవర్ కంపెనీ వీధుల కింద పోత ఇనుప గొట్టాలు పరిచి, ఒత్తిడితో ఉన్న నీటిని ఇప్పటి కరెంటులాగా లిఫ్టులకూ గోదాములకూ అమ్మింది. అది 1977 దాకా నడిచింది. ఇంత చేసినా ఆ ఇంజనీర్ల దగ్గర వంగే గొట్టం లేదు. కదిలే చోట ఇనుప గొట్టాలను కీళ్లతో కలిపేవారు. ఆర్మ్‌స్ట్రాంగ్ కంపెనీ 1882లో హల్ రేవు పనులకు నీటితో నడిచే తవ్వే యంత్రం కూడా చేసింది. అయితే సిలిండర్ నేరుగా చేతిని కదపలేదు, మధ్యలో లాగే తాళ్లు పెట్టాల్సి వచ్చింది. వంగే గొట్టం ఉండి ఉంటే తవ్వే యంత్రాల కథ అరవై, డెబ్భై ఏళ్లు ముందే మారేది.

రబ్బరు అప్పటికే ఉంది. చార్లెస్ గుడ్‌ఇయర్ 1839లో గంధకం కలిపి వేడిచేసి రబ్బరును ఎండకు కరగకుండా, చలికి పగలకుండా చేశాడు. 1844లో అమెరికాలో పేటెంటు తీసుకున్నాడు. అంతకు ముందు ఏడాదే ఇంగ్లండులో థామస్ హాంకాక్ అదే పనికి పేటెంటు పొందాడు. 1870లో ఒహాయోలోని ఆక్రన్‌లో బెంజమిన్ గుడ్‌రిచ్ పెట్టిన ఫ్యాక్టరీ తొలి సరుకు నూలు తొడుగు వేసిన అగ్నిమాపక హోసు. నీటికి ఆ రబ్బరు బాగానే సరిపోయింది.

అసలు పేచీ నూనెతో వచ్చింది. నీరు ఇనుమును తుప్పు పట్టిస్తుంది, చలిదేశాల్లో గడ్డకడుతుంది, పంపును అరగకుండా కాపాడదు. హార్వీ విలియమ్స్, రెనాల్డ్ జానీ తయారుచేసిన నూనెతో నడిచే ఏర్పాటును 1906లో అమెరికా నౌక వర్జీనియా ఫిరంగులను తిప్పడానికి వాడారు. అక్కణ్నుంచి హైడ్రాలిక్ అంటే నూనే. సహజ రబ్బరు మాత్రం ఖనిజ నూనె తగిలితే ఉబ్బిపోతుంది, మెత్తబడి పొరలు ఊడిపోతుంది. ఇరవై ఏళ్లకు పైగా ఈ పేచీ తెగలేదు. 1931లో అమెరికాలో డూపాంట్ నియోప్రీన్‌ను ప్రకటించింది. 1930లలోనే జర్మనీలో నైట్రైల్ రబ్బరు వచ్చింది. మన మెకానిక్కులు ఇవాళ కోసి పారేసే హోసు ముక్కను చూస్తే ఈ రెండూ కనిపిస్తాయి. లోపలి నున్నటి పొర ఎక్కువగా నైట్రైల్, ఎండకూ గీతలకూ ఓర్చే పై పొర సాధారణంగా నియోప్రీన్ జాతిది.

వాటి మధ్యలో ఉక్కు తీగల జాలీ ఉంటుంది. ఒత్తిడిని నిజంగా మోసేది అదే. అల్లికలో చక్కటి లెక్క ఉంది. గొట్టంలో ఒత్తిడి పొడవు దిశలో లాగే దానికి రెట్టింపు చుట్టుకొలత దిశలో లాగుతుంది. తీగను గొట్టం పొడవుకు 54.7 డిగ్రీల వాలులో అల్లితే రెండు లాగుళ్లూ సరిగ్గా తూగుతాయి. వాలు తప్పితే ఒత్తిడి ఎక్కగానే గొట్టం కుంచించుకోవాలని చూస్తుంది, లేదా సాగాలని చూస్తుంది. ఎంత బాగా అల్లినా కొంత తేడా ఉంటుంది. అమెరికా ఎస్ఏఈ ప్రమాణాలు రెండు శాతం సాగడాన్నీ, నాలుగు శాతం కుంచించుకోవడాన్నీ అనుమతిస్తాయి. కొత్త హోసును తీగలా బిగదీసి వేయకూడదని పెద్ద మెకానిక్కులు కుర్రాళ్లను కసురుకునేది ఇందుకే. మీటరు హోసు నాలుగు సెంటీమీటర్లు పొట్టిదైతే ఆ లాగుడంతా ఫిట్టింగు మెడ మీదే పడుతుంది.

కార్లు ఈ కథను తొందరపెట్టాయి. మాల్కమ్ లోహెడ్ 1917లో హైడ్రాలిక్ బ్రేకుకు పేటెంటు పొందాడు. 1921లో డ్యూసెన్‌బర్గ్ కారు నాలుగు చక్రాలకూ ఆ బ్రేకులతో మార్కెట్లోకి వచ్చింది. ముందు చక్రాలు తిరగాలి కాబట్టి చివరి జానెడు దూరం వంగే గొట్టం తప్పనిసరి అయింది. ఆ వెంటనే విమానాలూ ఈ కథలోకి వచ్చాయి. కుదుపుల్లో నూనె గొట్టం మూతి సడలితే విమానం కూలుతుంది. ఆర్థర్ పార్కర్ క్లీవ్‌లాండ్‌లో ఈ మూతుల మీదే వ్యాపారం కట్టాడు. 1927లో లిండ్‌బర్గ్ అట్లాంటిక్ దాటిన విమానంలో ఉన్నవి ఆయన ఫిట్టింగులే.

కొస బిగింపులో మలుపు 1940లో వచ్చింది. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రం, జాక్సన్ పట్టణంలో మొదలైన ఏరోక్విప్ కంపెనీ తిరిగి వాడుకోగల ఫిట్టింగులను విమానాలకు అందించింది. ఆ పనితనం చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. బయటి తొడుగు లోపల ఎడమ మర ఉంటుంది. హోసు కొసను అందులోకి వెనక్కి తిప్పుతూ ఎక్కిస్తారు. తర్వాత కోసుగా ఉన్న నిపుల్‌ను నూనె రాసి ముందు నుంచి తిప్పుతారు. నిపుల్ లోపలికి దిగేకొద్దీ రబ్బరు విచ్చుకుని తొడుగుకూ నిపుల్‌కూ మధ్య నలిగి పట్టుకుంటుంది. ప్రెస్సు అక్కర్లేదు, బెంచీకి వైసు, చేతిలో రెండు పానాలు చాలు. హోసు చిరిగితే ఫిట్టింగులు విప్పి కొత్త ముక్కకు వేసుకోవచ్చు. ఫ్యాక్టరీ నుంచి అచ్చమైన హోసు వచ్చే దాకా యంత్రం ఆగాల్సిన అవసరం లేకుండా పోయింది.

యుద్ధం ముగిశాక ఇదంతా మట్టిపనిలోకి దిగింది. 1948లో ఇటలీలోని ట్యూరిన్‌లో కార్లో, మారియో బ్రునేరి సోదరులు హైడ్రాలిక్ ఎక్స్‌కవేటర్ తయారుచేశారు. ఫ్రాన్స్‌లో జార్జ్ బతాయ్ స్థాపించిన పొక్లెయిన్ కంపెనీ 1951లో తన తొలి హైడ్రాలిక్ యంత్రాన్ని, 1960ల మొదట్లో చుట్టూ తిరిగే టీవై45ను తెచ్చింది. ఇంగ్లండులో జోసెఫ్ సిరిల్ బామ్‌ఫర్డ్ 1953లో ట్రాక్టరు వెనక తవ్వే చెయ్యి పెట్టాడు. ఆ కంపెనీ 1979లో హర్యానాలోని బల్లభ్‌గఢ్‌లో తయారీ మొదలుపెట్టింది. అంతకుముందు ఇనుప తాళ్లు, డ్రమ్ములు, క్లచ్‌లు చేసిన పనంతా ఇప్పుడు సిలిండర్లూ హోసులూ చేస్తున్నాయి. చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లోనైనా, సింగరేణి ఓపెన్‌కాస్టుల్లోనైనా ఇనుప తాడు తెగి పని ఆగడం కన్నా హోసు పగిలి ఆగడమే ఇవాళ మామూలు మాట.

ఎన్నో కంపెనీలు, ఎన్నో కొలతలు అయ్యేసరికి ప్రమాణాలు వచ్చాయి. ఎస్ఏఈ వారి ఆర్1 అంటే ఒక జాలీ, ఆర్2 అంటే రెండు జాలీలు. ఐరోపా లెక్కలో 1ఎస్ఎన్, 2ఎస్ఎన్. అంతకు మించిన ఒత్తిడికి అల్లిక చాలదు, నాలుగు పొరల తీగను ఒకదాని మీద ఒకటి ఎదురు దిశల్లో చుడతారు. అవి 4ఎస్‌పీ, 4ఎస్‌హెచ్. అరంగుళం 2ఎస్ఎన్ హోసు పని ఒత్తిడి 275 బార్, పగలాల్సిన ఒత్తిడి దానికి కనీసం నాలుగు రెట్లు. దాన్ని 180 మిల్లీమీటర్ల వ్యాసార్ధం కన్నా గట్టిగా వంచకూడదు. ఈ నాలుగు రెట్ల రక్షణ చూసి ధీమా పడటం మంచిది కాదు. ఒక బోల్టు అంచు పై పొరను రోజూ రాస్తుంటే జాలీ బయటపడుతుంది, తుప్పు పడుతుంది, ఒక్కో తీగే తెగుతుంది.

అప్పుడు మార్చాలి. తెలిసినవాళ్లు ముందు పానా పట్టుకోరు. బకెట్‌ను, బూమ్‌ను నేలకు ఆనించి ఇంజిన్ ఆపుతారు. తాళం ఆన్‌లో ఉంచి లీవర్లను అటూ ఇటూ కదుపుతారు, లోపల నిలిచిన ఒత్తిడి దిగిపోతుంది. ట్యాంకు పైమూత మీటతో గాలి వదులుతారు. ఫిట్టింగు చుట్టూ పేరుకున్న మన్నును తుడిచాకే నట్టు సడలిస్తారు. కింద బకెట్ పెడతారు. విప్పిన మూతిని ఆ క్షణమే మూసేస్తారు. కంట్రోల్ వాల్వులో జారే స్పూలుకూ గోడకూ మధ్య సందు కొన్ని మైక్రాన్లే, కంటికి కనపడని ఇసుక రేణువు చాలు దాన్ని గీయడానికి.

పాత హోసును పక్కన పరిచి పొడవు కొలుస్తారు. రెండు కొసల్లోనూ వంపు ఫిట్టింగులు ఉంటే వాటి మధ్య కోణాన్ని కూడా గుర్తుపెట్టుకుంటారు. కొత్త ముక్క కోశాక లోపల మిగిలిన రబ్బరు పొడి, తీగ ముక్కలు పోవడానికి స్పాంజి బిళ్లను గాలితో అటు నుంచి ఇటు కొడతారు. ఈ ఒక్క పని మానేసినందుకు లక్షల రూపాయల పంపులు పోతాయి. ఫిట్టింగు ఎంత లోపలికి దిగాలో సుద్దతో గీత పెట్టి, మర తిప్పే బదులు తొడుగును నొక్కి బిగించే క్రింపింగ్ మిషన్ దవడల మధ్య పెడతారు. నొక్కిన తొడుగు వ్యాసాన్ని వెర్నియర్‌తో కొలుస్తారు. కాస్త వదులైతే ఒత్తిడికి ఫిట్టింగు ఊడి తూటాలా వస్తుంది, మరీ బిగిస్తే లోపలి పొర తెగుతుంది. బండికి ఎక్కించేటప్పుడు హోసు మీద పొడవునా అచ్చేసిన గీత వంకర తిరగకూడదు. గీత మెలిపడిందంటే హోసు మెలిపడినట్టే, దాని ఆయుష్షు అక్కడే తగ్గిపోతుంది.

లీకు ఎక్కడుందో చేత్తో తడిమి చూడటం ఈ పనిలో అన్నిటికన్నా ప్రమాదకరమైన అలవాటు. 1937లోనే అమెరికా వైద్య పత్రికలో సి.ఇ. రీస్ అనే వైద్యుడు డీజిల్ ఇంజిన్ నుంచి ఒత్తిడితో చిమ్మిన నూనె శరీరంలోకి దూరిన కేసును రాశాడు. సూదిమొనంత రంధ్రం నుంచి వచ్చే నూనె చర్మాన్ని దాటి కండలోకి, నరాల వెంట చేతిలోకి పాకుతుంది. బయట చిన్న చుక్క తప్ప గాయం కనిపించదు, మొదట్లో పెద్దగా నొప్పీ ఉండదు. గంటలు గడిచాక చెయ్యి వాస్తుంది. అప్పటికి వేలు, కొన్నిసార్లు చెయ్యే తీసేయాల్సి వస్తుంది. అట్టముక్కను దగ్గరగా జరిపితే తడి మరక లీకును చూపిస్తుంది. నూనె గుచ్చుకుందన్న అనుమానం వస్తే నొప్పి కోసం ఎదురుచూడకుండా వెంటనే శస్త్రచికిత్స చేసే ఆసుపత్రికి పోవాలి, ఏం గుచ్చుకుందో డాక్టరుకు చెప్పాలి.

ఒత్తిడితో చిమ్మిన నూనె ప్రాణాలూ తీసింది. 1956 ఆగస్టు 8న బెల్జియంలోని మార్సినెల్ బొగ్గు గనిలో సరిగా ఎక్కని బండి లిఫ్టు నుంచి బయటికి పొడుచుకొచ్చి, పైకి లేస్తూ ఒత్తిడితో ఉన్న నూనె పైపునూ కరెంటు తీగల్నీ తెంపింది. చిమ్మిన నూనె అంటుకుంది. 262 మంది చనిపోయారు, వారిలో 136 మంది పొట్టకూటికి వచ్చిన ఇటలీ కూలీలు. ఆ తర్వాత ఐరోపా గనుల భద్రతా సంఘం ఏర్పడి మంటకు లొంగని ద్రవాలకు పరీక్షలు నిర్ణయించింది. రామగుండం దగ్గర అడ్రియాల గనిలో నడిచే లాంగ్‌వాల్ పద్ధతిలో పైకప్పును ఎత్తిపట్టే యంత్రాలకు మామూలు నూనె బదులు చాలావరకు నీరే ఉండే ఎమల్షన్ వాడటం వెనక ఇలాంటి అనుభవాలే ఉన్నాయి. వాటిని కలిపేవీ హోసులే.

క్రింపింగ్ మిషన్లు చిన్నవయ్యేకొద్దీ పని గని దగ్గరికీ పొలం దగ్గరికీ నడిచొచ్చింది. 1980లో సిడ్నీలో మొదలైన పిర్‌టెక్ కంపెనీ వ్యానులోనే హోసు చుట్టలు, ఫిట్టింగులు, ప్రెస్సు పెట్టుకుని యంత్రం ఆగిన చోటికే వెళ్లడాన్ని పెద్ద వ్యాపారంగా మార్చింది. మన దగ్గర ఆ పని విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల కొట్లలో జరుగుతుంది. పగిలిన హోసును భుజాన వేసుకుని హెల్పర్ బస్సులో వస్తాడు, కొత్తది పట్టుకుని మళ్లీ బస్సెక్కుతాడు.

అక్కడ అతను అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. ఒక కంపెనీ హోసుకు ఇంకో కంపెనీ ఫిట్టింగు నొక్కితే బిగుతు లెక్క కుదరకపోవచ్చు, అందుకే తయారీదారులు ఆ కలగలుపు వద్దంటారు. పాత హోసు మీద ఆర్2 అని ఉంటే కొత్తది దానికి తక్కువ రకం కాకూడదు. గొట్టం మీద అచ్చేసిన తయారీ తేదీ చదవాలి, ఎండలో ఏళ్ల తరబడి వేలాడిన చుట్టను వద్దనాలి. వెర్నియర్ కొలత తన కళ్ల ముందే తీయించాలి. కొస రెండువైపులా ప్లాస్టిక్ మూతలు పెట్టించుకుని, యంత్రం దగ్గరికి చేరాకే వాటిని తీయాలి.