తుపాకీ పోయి కెమెరా వచ్చినా తేలని సీగల్

పోర్ట్‌బ్లెయిర్‌కు (2024 నుంచి శ్రీవిజయపురం) ఎదురొడ్డున, కొండ అడుగున ఉన్న చిన్న రేవు హోప్ టౌన్. చరిత్ర పుస్తకాలు దానికి ఒక్క వాక్యంతో సరిపెట్టాయి: 1872 ఫిబ్రవరి 8 సాయంత్రం కొండ దిగి వచ్చిన వైస్రాయి లార్డ్ మేయోను షేర్ అలీ ఇక్కడే పొడిచి చంపాడు. పక్షుల చరిత్ర రాసేవాళ్లు ఈ ఒడ్డున ఇంకాసేపు ఆగాలి.

ఆ కొండకు హారియట్ అన్న పేరు (2021లో దాన్ని మౌంట్ మణిపూర్‌గా మార్చారు) 1862లో ఇక్కడి ఖైదీల స్థావరానికి సూపరింటెండెంటుగా వచ్చిన రాబర్ట్ టైట్లర్ భార్యది. దంపతులిద్దరూ ఫొటోగ్రాఫర్లే. 1857 తిరుగుబాటు ముగిశాక ఢిల్లీ, లక్నో శిథిలాలను కాగితపు నెగెటివ్‌ల మీదికి ఎక్కించారు. టైట్లర్‌కు పక్షుల పిచ్చి కూడా ఉండేది. ఒక లీఫ్ వార్బ్లర్ ఆయన పేరు మోస్తోంది. కెమెరా, పక్షి ఒకే ఇంట్లో ఉన్నా కలిసే వీల్లేదు. చాలాసేపు వెలుగు తగిలితే గాని బొమ్మ దిగని రోజులవి. గోడ కదలదు, పిట్ట ఆగదు. కాబట్టి తుపాకీయే దిక్కు.

మేయో హయాంలో 1871లో ఏర్పడిన రెవెన్యూ, వ్యవసాయ, వాణిజ్య శాఖకు కార్యదర్శి అలన్ ఆక్టేవియన్ హ్యూమ్. తర్వాత కాంగ్రెస్ స్థాపనకు పూనుకున్నాయనే. పైఅధికారి హత్య జరిగిన మరుసటి ఏడాది ఆయన పక్షుల కోసం ఈ అండమాన్ దీవులకు వచ్చాడు. చూసినదంతా తన ‘స్ట్రే ఫెదర్స్’ పత్రికలో వేసుకున్నాడు. 1885లో ఆయన బ్రిటిష్ మ్యూజియానికి అప్పగించిన నమూనాలు దాదాపు 82,000. చంపడం క్రూరమే, కానీ వందేళ్ల తర్వాత అనుమానం వచ్చినా సొరుగు లాగి రెక్క కొలవచ్చు. అలాగని సొరుగులన్నీ సత్యహరిశ్చంద్రులు కావు. బ్రిటిష్ సైనికాధికారి, పక్షుల సేకర్త రిచర్డ్ మైనెర్ట్జ్‌హాగన్ దొంగిలించిన పక్షులకు తప్పుడు చీటీలు కట్టి పెట్టాడని 1990లలో బయటపడింది.

బైనాక్యులర్ల కాలం, సలీం అలీ 1941 నాటి పుస్తకం, ఆ తరవాత డిజిటల్ కెమెరా. చంపకుండానే సాక్ష్యం దొరుకుతుందని అందరికీ ధైర్యం వచ్చింది. చాలా పక్షుల విషయంలో అది నిజమే అయింది. ఆ ధైర్యాన్ని దెబ్బతీసింది సీగల్.

అండమాన్ నీళ్లు టెర్న్‌ల రాజ్యం. సీగల్ ఎప్పుడో వచ్చే చుట్టం. గోధుమ తల సీగల్ అయితే పులికాట్‌లో చూసిన కన్ను ఇట్టే గుర్తుపడుతుంది. చిక్కంతా తెల్లతల పెద్ద జాతులతోనే. హ్యూగ్లిన్స్, స్టెప్, కాస్పియన్ అని విడదీసి పిలుస్తాం గాని, ఏవి జాతులో ఏవి ఉపజాతులో పండితులకే పొత్తు కుదరదు. జీవశాస్త్రవేత్త ఎర్న్‌స్ట్ మేయర్ 1942లో వీటిని ఉత్తర ధ్రువం చుట్టూ పెనవేసుకున్న వలయంగా చూపాడు. 2004లో డీఎన్‌ఏ పరీక్షలు ఆ వలయాన్ని తెంచేశాయి. పైగా పిల్ల పెద్దదవడానికి నాలుగేళ్లు పడుతుంది, ఏటా వేషం మారుతుంది. ఈకలు రాలే కాలంలో రెక్క అంచు మచ్చలు కనబడవు. పాత ఈక అరిగితే తెల్లచుక్క మాయమవుతుంది.

ఇక వీపు బూడిదరంగు ఎంత ముదురన్నదే ప్రధానమైన ఆనవాలు. కెమెరా అబద్ధమాడేదీ సరిగ్గా అక్కడే. మిట్టమధ్యాహ్నం తెల్లబారిన వీపు, మబ్బు పట్టగానే నల్లబడుతుంది. ఫోన్‌లో కాస్త కాంట్రాస్టు పెంచితే పక్షి జాతే మారిపోతుంది! యూరప్‌లో నిపుణులు మ్యూజియం చర్మాల పక్కన కొడాక్ బూడిదరంగు పట్టీ పెట్టి అంకెలు వేసింది ఇందుకే. ఎగిరే పక్షి పక్కన ఆ పట్టీ ఎవరు పెడతారు?

2004 సునామీకి పోర్ట్‌బ్లెయిర్ నేల కుంగి, సిప్పిఘాట్ పొలాలు ఉప్పునీటి మడుగులయ్యాయి. రైతుకు నష్టం, దారితప్పిన పక్షులకు విడిది, కెమెరాలకు పండగ. వచ్చిపడే రికార్డులను జల్లెడ పట్టడంలో హైదరాబాద్ చెయ్యి పెద్దది. అక్కణ్నుంచి వెలువడే ‘ఇండియన్ బర్డ్స్’ పత్రికలో ప్రవీణ్ జె., రాజా జయపాల్, ఆశీష్ పిట్టీ 2014లో నీటిపక్షులు, గల్స్, టెర్న్‌ల అరుదైన రికార్డులను మళ్లీ విచారించారు. నా దృష్టిలో కొత్త జాతి కనిపెట్టడం కన్నా కష్టమైన పని అది, దండలు పడనిది కూడా.

ఇప్పుడు అందంగా కూర్చున్న ఒక్క ఫొటో చూసి అనుభవజ్ఞులు తీర్పివ్వరు. విప్పిన రెక్క పైనుంచీ కిందనుంచీ కావాలంటారు, అదే వెలుగులో పక్కన తెలిసిన పక్షి ఒకటి ఉంటే మరీ మంచిదంటారు. అవి లేకపోతే పక్షుల రికార్డులు నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో ఉత్త ‘గల్’ అని రాసి ఊరుకోమంటారు. అరుదైన పక్షి దొరికిందన్న సంబరంలో ఉన్న ఫొటోగ్రాఫర్‌కు ఆ మాట రుచించదు.