భారతం మిట్ట

మా ఐరాల పేరు చెబితే బయటివాళ్లకు ముందు కాణిపాకమే గుర్తొస్తుంది. వినాయకుడు వెలసిన ఆ ఊరు మా మండలంలోదే మరి. మా పక్క పల్లెల ఆచారాలు చూడాలనుకుంటే మాత్రం ఎండాకాలంలో భారతం జరిగే ఊరికి రావాలి.

ధర్మరాజుల గుడి ముందు జెండా ఎక్కిందంటే సాధారణంగా పద్దెనిమిది రోజుల ఉత్సవం. మధ్యాహ్నం హరికథ, రాత్రి నాటకం. పగలు హరిదాసు చెప్పిన కథనే రాత్రి వేషగాళ్లు తెల్లవార్లూ ఆడతారు. బడి మొహం చూడని మా అవ్వలకు భారతమంతా నోటికి వచ్చింది ఇలాగే.

ఈ ఉత్సవానికి మూలమైన ద్రౌపదమ్మ కొలువు తమిళనాట సెంజి ప్రాంతంలో బలంగా పాతుకున్నది. 1911 ఏప్రిల్ 1న మా చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా చిత్తూరు తాలూకా ఉత్తర ఆర్కాటు జిల్లాలోనే ఉండేది. సంతలు, పెళ్లి సంబంధాలు, కూలిపనులు, అన్నీ అటూ ఇటూ కలిసే నడిచేవి. 1960లో తిరుత్తణి తమిళనాడు వైపు పోయింది గానీ, గీత ఎక్కడ గీసినా రెండు పక్కలా ద్రౌపదమ్మే. 1860 నుంచి మద్రాసు రేవులో ఓడలెక్కి నేటాల్ చెరకు తోటలకు పోయిన కూలీల్లో ఉత్తర ఆర్కాటు వాళ్లు చాలామంది. దక్షిణాఫ్రికాలో ఈనాటికీ ద్రౌపదమ్మ పేరున నిప్పులు తొక్కుతున్నారు.

ఉత్సవంలో అర్జున తపస్సు రోజున జనం బాగా కూడతారు. ఆకాశాన్నంటే తపస్సు మాను నాటి, మెట్లు కట్టి, పసుపు కుంకుమ పెడతారు. అర్జునుడి వేషగాడు పద్యం పాడుకుంటూ ఒక్కో మెట్టూ ఎక్కుతాడు. కింద, పిల్లలు లేని ఆడవాళ్లు తడిబట్టలతో మాను చుట్టూ సాగిలపడి ఉంటారు. పైనుంచి ఆయన విసిరే నిమ్మకాయ కోసం కొంగు పడతారు. నమ్మినా నమ్మకపోయినా, అక్కడ ఆ ముఖాలు చూసినవాళ్లెవరూ దీన్ని తేలిగ్గా తీసెయ్యలేరు.

చివరికి దుర్యోధన వధ. బంకమట్టితో చేసి నేలమీద పడుకోబెట్టిన దుర్యోధనుడు ఇంటి పొడవుంటాడు. భీముడు గద ఎత్తుకుని బొమ్మ చుట్టూ తరుముతాడు, దుర్యోధనుడి వేషగాడు జనంలోకి దూరి తప్పించుకుంటాడు. తొడ మీద దెబ్బ పడగానే ఎర్రనీళ్లు చిమ్ముతాయి, ద్రౌపది జుట్టు ముడేసుకుంటుంది. ఆ వెంటనే జనం బొమ్మ మీద పడి మట్టి పెళ్లలు తీసుకుంటారు. గాదెలో వేస్తే గింజ తరగదని, కొట్టంలో పెడితే గొడ్డూగోదా చల్లగా ఉంటాయని నమ్మకం. సాయంత్రం కంకణం కట్టుకున్నవాళ్లు అగ్గిగుండం తొక్కుతారు. మర్నాడు ధర్మరాజు పట్టాభిషేకం.

ఇప్పుడు చాలామంది ఆ దుర్యోధన వధ రోజుకే వస్తున్నారు. ఫోన్లో వీడియో తీసుకుని పోతున్నారు. రాత్రి నాటకానికి ముందు వరసలో ముసలివాళ్లే మిగిలారు. నన్నడిగితే, భారతానికి ప్రాణం ఆ రాత్రుల్లోనే ఉంది. కిరీటం, భుజకీర్తులు కట్టుకుని తెల్లారేదాకా గొంతెత్తి పాడే మనిషికి వినేవాళ్లే లేకపోతే, ఆ విద్య కొడుక్కి ఎందుకు నేర్పుతాడు?

బెంగళూరులో, చెన్నైలో ఉన్న మా ఊరి పిల్లలారా, వచ్చే భారతానికి ఒక్క రాత్రి ముందుగా రండి. పిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని నాటకం చూడండి. వేషగాళ్లకు చేతనైనంత చదివించండి.