కవర్ మీద లేని పేర్లు

భిక్నూర్‌లో మా ఇంట్లో అబ్బాజాన్ క్యాసెట్ల రేకుపెట్టె ఒకటుంది. అందులో ఒకదాని మీద ఉర్దూలో "ఉర్స్ కీ రాత్" అని ఉంది. పాడిందెవరో రాయలేదు. అమ్మీని అడిగితే "యాద్ లేదు బేటా" అంది. ఆవాజ్ ఉంది, పేరు పోయింది.

ఆ క్యాసెట్ విన్నప్పుడల్లా నాకు బీటిల్స్ గుర్తొస్తారు. ఉర్స్‌కీ ఇంగ్లండ్ గిటార్ బ్యాండ్‌కీ ఏం వాస్తా అంటారా?

లివర్‌పూల్ కుర్రాళ్లు నలుగురు. 1963లో తొలి ఆల్బమ్ 'ప్లీజ్ ప్లీజ్ మీ'. అందులోని 14 పాటల్లో 10 ఫిబ్రవరి 11న, ఒక్కరోజులో రికార్డయ్యాయి. నాలుగేళ్లకు 'సార్జెంట్ పెప్పర్స్' కోసం నెలల తరబడి స్టూడియోలో మెహనత్ చేశారు. 1970లో వచ్చిన 'లెట్ ఇట్ బీ'తో కహానీ ఖతం. ఆ ఏడేళ్లలో స్టూడియోనే ఒక సాజ్‌గా మార్చేశారు.

1965లో 'నార్వేజియన్ వుడ్' పాటలో జార్జ్ హారిసన్ సితార్ వాయించాడు. మరుసటి ఏడు రవిశంకర్‌కు శాగిర్ద్ అయ్యాడు. మరి రవిశంకర్ ఉస్తాద్ ఎవరు? మైహర్‌లో ఉన్న అల్లావుద్దీన్ ఖాన్ సాహెబ్. 1968 జనవరిలో హారిసన్ బొంబాయి హెచ్.ఎం.వి. స్టూడియోకొచ్చి 'ది ఇన్నర్ లైట్' పాటకు సంగీతం రికార్డు చేసుకున్నాడు. అందులో సరోద్ వాయించిన ఆశిష్ ఖాన్ ఆ ఖాన్ సాహెబ్ మనవడే. సిల్‌సిలా చూశారా, మైహర్ నుంచి లండన్ దాకా!

ఇప్పుడు అసలు మాట. 1966 నాటి 'రివాల్వర్' కవర్ మీద తబలా వాయించిన అనిల్ భగవత్ పేరు వేశారు. మరుసటి ఏడు 'సార్జెంట్ పెప్పర్స్' కవర్ నిండా మశ్‌హూర్ మొహాలే. కానీ అందులోని 'వితిన్ యూ వితౌట్ యూ' పాటకు దిల్‌రుబా, తబలా వాయించిన మనవాళ్ల పేర్లు మాత్రం లేవు. దునియా అంతా విన్న రికార్డులోనే ఇట్లా జరిగితే, ఊరి ఉర్స్‌లో రాత్రంతా పాడిన ఖవ్వాల్ సంగతేంటి?

మన హైదరాబాద్ ఖవ్వాల్ అజీజ్ అహ్మద్ ఖాన్ వార్సీ సాహెబ్‌కు 1971లో పద్మశ్రీ ఇచ్చారు. అల్‌హందులిల్లాహ్, ఆయన పేరు నిలిచింది. మరి ఆయన వెనక కూర్చుని తాళీ కొట్టినవాళ్లు, ఢోలక్ పట్టినవాళ్లు?

పేరు ఒక అమానత్. వార్త కింద నా పేరు పడనప్పుడు నాకెంత బాధయిందో నాకే తెలుసు. అందుకే అర్జ్ చేస్తున్నా: ఇంట్లో పాత క్యాసెట్లుంటే, యాదున్న బుజుర్గులు ఉన్నప్పుడే పక్కన కూర్చోబెట్టి వినిపించండి. ఎవరు పాడారో అడిగి రాసిపెట్టండి. మేం ఆలస్యం చేశాం. మీరు చేయకండి.