ప్రోస్టేట్ మందులు, టి-కణాలు: ఒక పాత కథ

మీ ఇంట్లో పెద్దాయనకు ప్రోస్టేట్ క్యాన్సర్ అని తేలింది, డాక్టరుగారు మూడు నెలలకో ఇంజెక్షన్ రాశారు అనుకోండి. ఆ మందు వృషణాల్లో పుట్టే టెస్టోస్టెరాన్ అనే పురుష హార్మోన్‌ను ఆపుతుంది. ఈ క్యాన్సర్‌కు తిండి అదే. ఆ సంగతి 1941లో చికాగోలో చార్లెస్ హగిన్స్ చూపించారు. వృషణాలు తీసేసిన రోగుల్లో ఎముకల నొప్పులు తగ్గాయి. 1966లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆపరేషన్ బదులు పనికొచ్చే ల్యూప్రోలైడ్ ఇంజెక్షన్‌కు 1985లో అమెరికా అనుమతి ఇచ్చింది.

అయితే ఈ కథకు ఇంకో కొస ఉంది, అది హగిన్స్ కంటే పాతది. 1898లో కాల్జొలారి అనే ఆయన, వృషణాలు తీసిన కుందేళ్ళలో థైమస్ గ్రంథి పెద్దదిగా ఉండడం గమనించాడు. 1904లో హెండర్సన్ పశువుల్లోనూ అదే చూశాడు. విత్తులు కొట్టించిన ఎద్దులో ఆ గ్రంథి తొందరగా కుంచించుకుపోదట. ఎద్దును అణువణువూ ఎరిగిన మన రైతు కూడా రొమ్ము లోపలి ఈ గ్రంథిని ఎన్నడూ పట్టించుకొని ఉండడు. ఆయన్నని ఏం లాభం, అది ఎందుకుందో డాక్టర్లకే తెలియదు! 1961లో జాక్ మిల్లర్ అప్పుడే పుట్టిన చిట్టెలుకల్లో దాన్ని తీసి చూశాకే, థైమస్ లేనిదే రోగనిరోధక శక్తి కుదురుకోదని తేలింది. అక్కడ తర్ఫీదు పొందే తెల్లకణాలనే ఇప్పుడు టి-కణాలంటున్నాం.

మరి హార్మోన్‌ను ఆపితే టి-కణాలు చురుకవుతాయా? 2001లో ఆ జాడ దొరికింది. చికిత్స మొదలైన కొద్ది వారాలకే రోగుల ప్రోస్టేట్‌లోకి టి-కణాలు చేరాయి. కానీ అన్ని మందులూ ఒకటి కావు. 2016లో ఎలుకల మీద చేసిన పరిశోధనలో ఫ్లూటమైడ్ వంటి మాత్రలు టి-కణాలు మేలుకొనే తొలిదశనే అణచాయి. కీమోథెరపీలో తెల్లకణాలు పడిపోయినట్టు ఈ ఇంజెక్షన్లతో సాధారణంగా పడిపోవు. అందుచేత ఆ భయంతో ఎవరి మాటో విని మందు మానిపించకండి, డాక్టరుగారినే అడగండి.

2022లో ఆరెగాన్ శాస్త్రజ్ఞులు, పురుష హార్మోన్ టి-కణంలోనే కూర్చుని దాని చేతులు కట్టేస్తుందని ఎలుకల్లో చూపారు. అదే ఏడు 700 మందికి పైగా రోగులపై జరిగిన పరీక్ష ఫలితాలూ వచ్చాయి. ఎంజాలుటమైడ్‌కు టి-కణాల్ని ఉసిగొల్పే అటెజొలిజుమాబ్ జోడించి చూశారు. ఆయుష్షు పెరగలేదు. ఎలుకల్లో కుదిరింది మనుషుల్లో ఎందుకు కుదరలేదో, ఏ రోగికి కుదురుతుందో, ఇప్పుడు వెతుకుతున్నది దాన్నే.